జేబులో పాడిన ఎలీషమ్మ గారు

నాకు సౌండ్ సిస్టమ్‌ల గురించి అంతా తెలుసని మేడ్చల్ మొత్తంలో నమ్మినవాళ్లు ఇద్దరే. ఒకరు నేను, రెండోది కెజియా. ఆ ఆదివారం సాయంత్రానికి ఇద్దరిలో ఒక్కరూ మిగల్లేదు.

కెజియా వాళ్లది మచ్చ బొల్లారం. వాళ్లమ్మ ఎలీషమ్మ గారు పోయి ఆ రోజుకి ఏడాది. ఆవిడ చర్చిలో పాడిన పాట ఒకటి పాత క్యాసెట్‌లో దొరికితే, కెజియా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి నాకు పంపింది. జ్ఞాపకార్థ కూటంలో వాళ్ల నాన్న సత్యానందం గారి యాంప్లిఫైయర్‌లో ఆ పాట వినిపించాలని తన ఆశ. భార్య పోయాక ఆయన దాన్ని ఆన్ చేయనేలేదు.

"నాయిన గా పాట ఇన్నంక మన సంగతి చెప్త," అంది. "ఖరాబ్ చేసినవనుకో, ఇగ నాకు ధైర్యం రాదు జాన్సన్."

"నేనుండంగ ఖరాబ్ ఎట్లయితది?"

ఇలాంటి మాటలు నా నోటికి చాలా సులభంగా వస్తాయి.

కంప్యూటర్‌లోని పాటను యాంప్లిఫైయర్‌కి అందించే చిన్న డబ్బా ఉంటుంది, డాక్ అంటారు. అది కొని, నా ల్యాప్‌టాప్‌తో సహా తీసుకెళ్లాను. దాని గొప్పతనం గురించి సత్యానందం గారు అడగకపోయినా చెప్పాను. "మంచిది బాబు," అన్నారాయన, ఆవలింత ఆపుకుంటూ.

వైర్లు పెట్టాను. పాట మళ్లీ మళ్లీ వచ్చేలా సెట్ చేసి ప్లే నొక్కాను.

చప్పుడు లేదు.

ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ పూర్తిగా పెంచాను. అయినా లేదు. చుట్టాలు వస్తున్నారు, కుర్చీలు జరుపుతున్నారు, ఫ్యాన్ గడగడలాడుతోంది, నాకేమో చెమటలు కారుతున్నాయి. ఎర్ర పిన్ను తీసి తెల్లదాంట్లో పెట్టాను. తెల్లది తీసి ఎర్రదాంట్లో పెట్టాను. అందరూ చూస్తున్నారు, పరువు పోతోంది.

"యాంప్లిఫైయర్ పోయింది అంకుల్," అనేశాను. "పాతది గద."

ఆయన భుజం మీది తువ్వాలుతో దాని మూత తుడిచారు. "ఆమె ఉన్నప్పుడు మంచిగనే పాడేది," అన్నారు.

కెజియా నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

పాస్టర్ అయ్యగారు ప్రార్థనకి లేచారు. ఎవరో ఫ్యాన్ ఆపారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకుని, భూమి చీలితే అందులోకి దూరిపోతాను ప్రభువా అని వేడుకున్నాను.

అప్పుడు వినిపించింది. సన్నగా, ఎక్కడో ఒక ఆడమనిషి పాడుతోంది. అయ్యగారు మాట మధ్యలో ఆగారు. ప్రార్థన కదా, ఎవరూ కళ్లు తెరవలేదు. వెనక నుంచి ఎవరో అవ్వ మాత్రం "దేవా, ఎలీషమ్మ గొంతే!" అంది.

నా చెయ్యి ఎవరో గిల్లారు. కళ్లు తెరిస్తే కెజియా నా చొక్కా వైపే చూస్తోంది.

"జాన్సన్," అంది గుసగుసగా. "మా అమ్మ నీ జేబుల పాడతాంది."

నా నెక్‌బ్యాండ్, మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్! పొద్దున పాట వినడానికి ల్యాప్‌టాప్‌కి కలిపి, ఆపడం మరిచి జేబులో కుక్కుకున్నాను. గంట నుంచీ పాటంతా డాక్‌కి పోకుండా నా జేబులోకి పోతోంది. నేనేమో పాపం ఆ ముసలి యాంప్లిఫైయర్‌ని చంపేశాను.

కెజియా వంగి స్క్రీన్ మీద ఒక్కటంటే ఒక్క సెట్టింగ్ మార్చింది. ఎలీషమ్మ గారి గొంతు గది నిండా లేచింది. పల్లవి అయ్యాక ఆవిడ చిన్నగా దగ్గారు.

"గిట్లనే! ప్రతిసారి గిట్లనే దగ్గుతది!" సత్యానందం గారు పకపకా నవ్వారు. నవ్వుతూనే తువ్వాలు కళ్లకి అద్దుకున్నారు. పాట మూడుసార్లు తిరిగేదాకా ఎవరినీ ఆపనివ్వలేదు.

అందరూ భోజనాలకి లేచాక కెజియా ఆయన దగ్గర కూర్చుంది. "నాయినా, జాన్సన్ సంగతి ఒకటి చెప్పాలె."

"చెప్పేటందుకు ఏమున్నది బిడ్డా? మీ అమ్మ నాకంటే ముందుగాల పోయి గా పిలగాని జేబుల కూసున్నది. ఇగ నేను కాదంటనా?"

తర్వాత నా వైపు తిరిగారు. "ప్రతి ఆదివారం రా బాబు. గని వైర్లు మాత్రం ముట్టకు."

"ముట్టను అంకుల్."

"ఇంకా అంకులేంది?" అంది కెజియా.