నలభై ఏడో పేజీ నుంచి చదువు

ఆ ఇంట్లో పొద్దున్నే నోరు విప్పేది అత్తగారొక్కరే. కొడుకు లారీ ఎక్కితే పదిరోజులకు గానీ దిగడు. కోడలు, మనవరాలు ఉన్నా లేనట్టే. ఆ రోజూ మనవరాలు ఒక చేత్తో పాలగ్లాసు, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని కూర్చుంది. నానమ్మ రెండుసార్లు పలకరించినా తలెత్తలేదు.

"పుస్తకం హస్తభూషణం అన్నారు గానీ, మొహానికి ముసుగని ఎవరూ అనలేదమ్మా," అంది అత్తగారు.

కోడలు నవ్వి ఊరుకుంది. ఆమె లైబ్రేరియన్. పదహారేళ్ళ కూతురు పదేళ్ళు నిండకముందే పిల్లల గదిలోని పుస్తకాలన్నీ నమిలి మింగేసిందని చెప్పుకోవడం ఆమెకు భలే ఇష్టం. మధ్యాహ్నం లైబ్రరీలో తల్లిదండ్రుల సమావేశం. చదివే పిల్లలకు ఎదుటివాళ్ళ కష్టం తెలుస్తుందని నాలుగు కాగితాల ప్రసంగం రాసుకుంది. చివర్లో కూతురి సంగతి కూడా కలిపింది.

ఆమెకో పద్ధతి ఉంది. ఎవరే గోడు వెళ్ళబోసుకున్నా కాసేపు విని, లేచి వెళ్ళి, దానికి తగిన పుస్తకం వెతికి తెచ్చేది. ఏ పేజీ నుంచి చదవాలో చీటీ రాసి అందులో పెట్టేది. అవి డాక్టరు చీటీల కన్నా బాగా పనిచేస్తాయని జనం అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె లోలోపల పొంగిపోయేది.

ప్రసంగానికి చప్పట్లు బాగానే పడ్డాయి. అందరూ వెళ్ళాక కూతురి క్లాసు టీచరు మాత్రం ఆగింది. సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకమే.

గలగల తండ్రి పోయి పన్నెండు రోజులైందట. గలగల అంటే కూతురి పక్క బెంచీ పిల్ల. వాగుడుకాయ అని అత్తగారే ఆ పేరు పెట్టింది. క్లాసంతా వెళ్ళి ఆ పిల్ల దగ్గర కూర్చున్నారట. ఈవిడ కూతురొక్కతే వెళ్ళకుండా, వేరే పిల్ల చేత ఈ పుస్తకం పంపిందట. గలగల దాన్ని గోడకేసి కొట్టి, ఎవరిది వాళ్ళకే ఇచ్చేయమని టీచరు చేతికిచ్చిందట.

లైబ్రేరియన్ పుస్తకం తెరిచింది. చీటీ ఉంది. 'నలభై ఏడో పేజీ నుంచి చదువు. బాగుంటుంది.' అక్షరాలు కూతురివి, మాట మాత్రం అచ్చం తనదే. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే పుస్తకాన్ని కూతురి ముందు పడేసింది. గలగల వాళ్ళ నాన్న పోయిన సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"చెప్తే నువ్విచ్చేది ఈ పుస్తకమేగా," అంది కూతురు. "అందుకే నేనే తీసుకెళ్ళాను."

"నీకు మనసనేది లేదా? వెళ్ళి దాని పక్కన కూర్చోవాలని తెలీదా?"

"కూర్చుని ఏం చెయ్యాలమ్మా?"

ఆ గొంతులో పొగరు లేదు. పిల్ల నిజంగానే తెలియక అడుగుతోంది. గుమ్మం దాకా వెళ్ళానని, లోపల అందరూ ఏడుస్తుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, పుస్తకం వేరే పిల్లకిచ్చి వెనక్కొచ్చేశానని మెల్లగా చెప్పింది.

"తాతయ్య పోయినప్పుడు నువ్వూ అంతేగా. నన్ను గదిలో కూర్చోబెట్టి ఈ పుస్తకమే ఇచ్చావు. పిచ్చుక చచ్చిపోయే కథ. చదవడం అయ్యేదాకా బయటికి రావద్దన్నావు."

తల్లి పుస్తకం చేతిలోకి తీసుకుంది. "తాతయ్య గుర్తున్నాడా నీకు?"

"పిచ్చుక గుర్తుంది," అంది కూతురు.

బట్టలు మడతపెడుతున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. ఆ రోజు పిల్లని తన ఒళ్ళోకి పంపమని ఆవిడ అడిగింది. చిన్నపిల్ల జడుసుకుంటుందని కోడలు పంపలేదు. ఆ మాట ఎనిమిదేళ్ళలో ఆవిడ ఒక్కసారీ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

కూతురికి ఏదో ఒకటి చెప్పాలని తల్లి నోరు తెరిచింది. దీనికి ఏ పుస్తకం సరిపోతుందా అని మనసు అలమారాలు వెతుకుతోంది. తన మీద తనకే రోత పుట్టి, మొహం కప్పుకుని ఏడ్చింది. కూతురు కాసేపు చూసి, అలవాటుగా తన గదిలోకి వెళ్ళబోయింది.

"ఆగవే," అంది అత్తగారు. "మీ అమ్మ పక్కన కూర్చో. ఏం మాట్లాడకు. ఏడుపొస్తే ఏడువు, రాకపోతే ఊరికే కూర్చో. రేపు అక్కడా అంతే."

మర్నాడు పొద్దున తల్లీ కూతుళ్ళు గలగల ఇంటికి వెళ్ళారు. గలగల తలుపు సగం తీసింది. పదమూడు రోజుల్లో పిల్ల సగమైపోయింది.

"ఈసారి ఏ పుస్తకం తెచ్చావు?" అని అడిగింది.

కూతురు రెండు చేతులూ చాపి చూపించింది. గలగల తలుపు వెయ్యలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. చివరికి గడప లోపల గలగల, గడప బయట కూతురు చతికిలబడ్డారు. కూతురు చేతులు మాత్రం ఒళ్ళో పట్టుకోడానికి ఏదో వెతుక్కుంటున్నాయి.

తల్లి గేటు దగ్గరే నిలబడిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట గదిలో ఒక్కతే కూర్చుని పిచ్చుక కథ చదివిన పిల్ల కోసం ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.