సాగనంపే దెబ్బ

ఆదివారం పొద్దున మాలతి కడిగిన గ్లాసులనే మళ్ళీ కడుగుతోంది. కిటికీలో పెట్టిన ఫోన్‌లోంచి ఒక గొంతు మెల్లగా, బరువుగా, దూరమైపోయిన మనిషి గురించి పాడుతోంది. రెండో చరణం మొదలుకాకముందే మాలతి తడి చేతిని కొంగుకు తుడుచుకొని పాట ఆపేసింది.

"అమ్మా! మల్ల ఆపినవా?" అంటూ హాల్లోంచి హారిక వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు. తల్లిని చూసుకుందామనే సెలవు పెట్టి వనపర్తి వచ్చింది. దారి పొడుగునా బస్సులో కూర్చొని తల్లి కోసం ఏరికూర్చిన పాటలవి.

"మంచిగనే ఉంది బిడ్డా. జర పనిల ఉన్న."

"మంచిగుంటె ఎవరన్న ఆపుతరా? నిన్న గూడ గిట్లనే చేసినవ్. ఒక్క పాటన్న అయిపోనియ్యలే. సరే, నీకేవి ఇష్టమో చెప్పు, అవే పెడ్త. పాతవా, కొత్తవా?"

"అట్ల కాదు."

"మెల్లగుండేటియా, ఫాస్టువా?"

"అట్ల గూడ కాదు."

"మరెట్లనే?"

మాలతి ఇంకో గ్లాసు అందుకుంది. ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతోంది. ఏ పద్యం ఇష్టమో రాయమన్నప్పుడు పిల్లలు 'బాగుంటుంది కాబట్టి' అని రాస్తే ఎర్రసిరాతో గీత గీసి, బాగుండడమంటే ఏమిటో రాయమనేది. ఇప్పుడు ఆ ఎర్రగీత తన నాలుక మీదే పడ్డట్టుంది.

"ఒక్కో పాటల ఒక తావు ఉంటది…" అంది చివరికి. "అక్కడికి వచ్చేసరికి… ఏమో. చెప్పనీకి రాదు."

"తెలుగు టీచర్‌వి! నీకే రాకపోతే ఇంకెవరికొస్తదమ్మా?" హారిక నవ్వబోయి, తల్లి ముఖం చూసి మానుకుంది.

ఈ ఇంట్లో ఎవరూ మాలతిని ఆ ప్రశ్న అంత గట్టిగా అడగలేదు. భర్త జయరాజు కారెక్కగానే "ఏం పాట పెట్టాలె?" అంటాడు. "ఏదన్న పెట్టండి" అంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన చెడ్డవాడు కాదు. జవాబు రాని చోట ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు, అంతే.

అడగకుండానే తెలిసినవాడు ఒక్కడుండేవాడు. తమ్ముడు నరేందర్. వీపనగండ్ల పక్కన వాళ్ళ పల్లె. తల్లిదండ్రులు పోయాక పెళ్ళీ గిళ్ళీ వద్దని లారీ నడుపుకుంటూ తిరిగాడు. ఎక్కడున్నా మొహర్రంకు ఊరు చేరేవాడు. పీర్ల ముందు డోలు వాడిదే. చివరి రోజు పీర్లను సాగనంపేటప్పుడు కొట్టే దెబ్బను ఫోన్‌లో రికార్డు చేయించి అక్కకు పంపేవాడు. కింద ఒక్క మాట కూడా రాసేవాడు కాదు.

ఎండాకాలంలో ఒకనాడు కొత్తకోట దాబా ముందు లారీ ఆపి, చాయ్ చెప్పి, మంచం మీద వాలాడు. చాయ్ తెచ్చిన మనిషి లేపితే లేవలేదు.

మాలతి ఏడవలేదు. మట్టి చేసిన నాడూ ఏడవలేదు, దినాల నాడూ ఏడవలేదు. అప్పటినుంచి ఒక్క చోట కూర్చోవడం మాత్రం పోయింది. అన్నం మధ్యలో లేచి గ్యాసు కట్టేశానా అని చూస్తుంది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడుతుంది. పాట పెడుతుంది, తీసేస్తుంది, ఇంకోటి పెడుతుంది. ఎవరి గొంతైనా దుఃఖపడగానే ఆమెకు కోపమొస్తుంది. ఎవరి మీదో తెలియదు.

ఫోన్ మోగింది. ఊళ్ళో పీర్ల చావిడి చూసుకునే ముజావర్ అబ్దుల్ మజీద్.

"మాలతీ, మంచిగున్నవా బిడ్డా?"

"ఉన్న, మజీద్ మామా."

"ఇయ్యాల పొద్దుగూకంగ పీర్లను సాగనంపుతం. నరేందర్ డోలు చావిట్లనే ఉంది. ఎవ్వరం ముట్టలే. ఇంటిమనిషివి నువ్వొక్కదానివే. ఎవరి భుజానికెయ్యాలెనో నువ్వే చెప్పాలె. నువ్వొచ్చినంకనే లేపుతం పీర్లను."

"వస్త మామా" అంది మాలతి. ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. ఆ తేలిక చూసి ఆమెకే భయమేసింది.

టిఫిన్ దగ్గర విషయం చెప్పింది. జయరాజు దోసె తుంచుతూ ఆగాడు.

"ఇయ్యాలనా? విత్తనాల సీజన్‌ల షాపు ఇడిసిపెట్టి యాడికొస్త?"

"నేను బస్సుకు పోత. మీరు రాకున్నా సరే."

"షాపు సంగతి కాదు మాలతీ. నీ తీరు చూసి చెప్తున్న. రెండు నెలలైంది, నువ్వొక్క తావున కూసున్నది సూడలే. ఆ డోలు చూస్తె తట్టుకుంటవా? రేపు దవాఖానకు పోదాం. డాక్టర్‌తోని మాట్లాడిన. వచ్చే ఏడాది పోదువు ఊరికి."

"ఈ ఏడాది ఎట్ల పోతది?" సోఫాలోంచి అత్త లక్ష్మీదేవమ్మ అందుకుంది. గద్వాల మనిషి. గొంతు పెద్దది, కోపం చిన్నది, కానీ ఆ చిన్న కోపం ఇంట్లో ఎవరినీ వదలదు. "ఇంట్ల మనిషి పోయిన ఏడాది పండుగకు పోతరా ఎవరన్న? అదీ డోలు సప్పుడు కాడికి? పక్కింటి తిమ్మమ్మ ఏమన్నదో ఎరుకనా నీకు?"

"ఏమన్నది?"

"ఏమంటది! 'మీ కోడలు మిద్దె మీద బట్టలారేసుకుంట చెవి కాడ ఫోన్ పెట్టుకొని డోలు ఇనుకుంట కాలు ఆడిస్తుంది, తమ్ముడు పోయిండా, తమ్మునికి పెండ్లయితుందా' అన్నది. నాకు తల ఏడ పెట్టుకోవాలెనో తెల్వలే. మనిషి పోతె ఒక్క కన్నీటి బొట్టు లేదు. డోలుకు కాలాడిస్తదంట, డోలుకు!"

హారిక చట్నీ గిన్నె కింద పెట్టింది. "నాయనమ్మా, ఊకో."

"నేనెందుకు ఊకుంటనే? బయటోళ్ళు అంటుంటె ఇనాలెనా?"

మాలతి లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది.

"అత్తమ్మా. తమ్ముడు పోయిన నాలుగో నాడు మీరే ఫోన్ చేసిన్రు. ఇచ్చిన ఆడపిల్లకు పుట్టింటి మైల మూడు దినాలే, వచ్చి పొయ్యి చూసుకో అన్నరు. వచ్చిన. చేసిన. మూడు దినాలకే తీరిపోయిన మైల ఇయ్యాల ఏడాదిది ఎట్లయింది? వంటకైతె మూడు రోజులు, ఊరికి పోనీకైతె ఏడాదా?"

ఆ ఇంట్లో కోడలి గొంతు అంత పైకి పోవడం ఎవరూ వినలేదు.

"అట్ల కాదు మాలతీ," జయరాజు మెల్లగా అన్నాడు, "నువ్వు ఏడిస్తె మాకు సమజైతుండె. ఏడ్వవు. కూసోవు. దుఃఖముంటె దుఃఖం పాట ఇంటరు ఎవరన్న. నువ్వు డోలు ఇంటవు. ఏందది? మాకు జర చెప్పు. చెప్తె గదా తెలుస్తది."

అందరూ ఆమె వైపు చూశారు. చెబితే ఇప్పుడే చెప్పాలి. అది సంతోషపు పాట కాదు. దుఃఖపు పాటా కాదు. దుఃఖపు పాట మనిషిని కూర్చోబెట్టి తల నిమురుతుంది. తనకు ఆ నిమరడం పడదు. తనకు కావలసింది… అక్కడ మాట తెగింది. మనసులో ఉన్నంతసేపు నిండుగా ఉన్నది, పెదవి దాకా వచ్చేసరికి పిచ్చిమాటలా తోచింది.

"నాకు చెప్పరాదు" అంది. "అది ఇంటెనే నాకు మంచిగుంటది. అంతే."

జయరాజు తల పట్టుకున్నాడు.

"పోతె పో" అంది లక్ష్మీదేవమ్మ ముఖం తిప్పుకొని. "నన్నడగకు."

పోవచ్చు. బస్టాండు ఎంతో దూరం లేదు. కానీ తిరిగి రావలసింది ఈ ఇంటికే. ఆ మాట వెంటేసుకొని పోతే, ఊళ్ళో డోలు ముందు నిలబడ్డా చెవిలో అదే వినబడుతుంది. మాలతి వంటింట్లోకి వెళ్ళింది. చేసే పని ఏదో ఒకటి ఉండాలి. జొన్నపిండి తీసి, వేడినీళ్ళు పోసి, అరచేతితో అదిమి అదిమి కలిపింది. ముద్దను పీట మీద పెట్టి తట్టసాగింది.

జయరాజు షాపుకు పోలేదు. హారిక తాను ఏరిన పాటల పేర్లు చూస్తూ కూర్చుంది. వంటింట్లోంచి రొట్టె తట్టే చప్పుడొక్కటే వస్తోంది.

లక్ష్మీదేవమ్మ తల ఎత్తింది.

ఆ చప్పుడు రొట్టెది కాదు. రెండు దెబ్బలు పడి, ఒకటి ఆగి, ఆ ఆగిన చోటునుంచి మూడు గబగబా ఉరుకుతున్నాయి. ఉరికి ఉరికి ఎక్కడో తడబడ్డట్టై, మళ్ళీ మొదటికొస్తున్నాయి. ముసలామె మోకాళ్ళు పట్టుకొని లేచి, గోడ ఆసరాగా వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

పీట మీద రొట్టె పలచబడి పలచబడి అంచులు చినుగుతున్నా మాలతికి తెలియడం లేదు.

"ఏయ్. అది యాడిదే?"

మాలతి ఉలిక్కిపడి చేతులు తీసింది. "ఏది?"

"నీ చేతులదే. రొట్టె గట్ల కొడతరా? అది పీర్లను నీళ్ళకు కొంటవొయ్యే దెబ్బ గాదు? సాగనంపే దెబ్బ!"

"అదే అత్తమ్మా. తమ్ముడు కొడుతుండె. మిద్దె మీద విన్నది గూడ అదే."

లక్ష్మీదేవమ్మ గడప మీదే కూలబడింది. కోడలి పిండి చేతుల వైపు చూసింది.

"మరి గట్ల చెప్పవేందే? డోలు, డోలు అంటె నేనేదో పెండ్లి బరాత్ అనుకుంటి." ఆమె గొంతు తగ్గింది. "మా గద్వాల కాడ మా అన్న కొడుతుండె. గాయన పోయిన నాలుగో నాడే మా అత్త నన్ను రొట్టెల కాడ కూసోవెట్టింది. మూడు దినాలే మైల అని గామె గూడ అన్నది. నేను గూడ రొట్టెల మీదనే కొట్టిన గా దెబ్బ. ఎవ్వరికి తెల్వదు. రొట్టెలు చినుగుతుంటె తిట్లు తిన్న."

జయరాజు, హారిక వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

"నాయనమ్మా, ఆ డోలుల ఏముంటది?" హారిక అడిగింది. "అమ్మకు చెప్పనీకి రాలే."

"చెప్పనీకి ఏమొస్తదే? పచ్చిమిరపకాయ తొక్కు తిన్నవా ఎప్పుడన్న? నోరు మండి కండ్లల్ల నీళ్ళు కారుతుంటయి. అయినా చెయ్యి మల్ల కంచంలకే పోతది. గట్లాంటిది మీ అమ్మ పాట." లక్ష్మీదేవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పీర్లు పోతుంటె లోకమంత ఏడుస్తది. ఏడ్సుకుంటనే ఎగురుతది. ఏడ్సెటోన్ని కూసోనియ్యదది, లేపి నడిపిస్తది. అరేయ్ జయరాజూ, ఇంక నిలవడి ఏం చూస్తున్నవ్? షాపు బంద్ చేసి రాపో. పొద్దుగూకక ముందల పోవాలె."

"నువ్వు గూడనా అమ్మా?"

"నేను రాకుంటె కోడలిని ఎవరు పట్టుకుంటరు, నువ్వా?"

వాళ్ళు ఊరు చేరేసరికి సన్న తుంపర పడుతోంది. చావిడి ముందు ఊదు పొగ వాననీటికి కిందికే తిరుగుతోంది. మజీద్ లోపలినుంచి డోలు తెచ్చి మాలతి ముందు పెట్టాడు. పట్టా దగ్గర నరేందర్ భుజం రాసుకొని తోలు నల్లగా మెరుస్తోంది. ఆమె దాన్ని తాకి, చుట్టూ చూసింది. వెనక వరుసలో తలవంచుకొని నిలబడిన షాహిద్‌ను పిలిచింది. మజీద్ కొడుకు. లారీ మీద నరేందర్‌కు జోడీ. కొత్తకోటలో ఆ మంచం మీది నుంచి నరేందర్‌ను ఎత్తినవాడు.

"అక్కా, నాకొద్దు. వాని లెక్క కొట్టనీకి నాకు రాదు."

"వాని లెక్క ఎవ్వరికీ రాదు తమ్మీ. నీ లెక్క కొట్టు."

డోలు పట్టా అతని భుజానికి వేసింది. పీర్లు లేచాయి. మొదటి రెండు దెబ్బలు పడ్డాయి. ఒకటి ఆగింది.

ఆ ఆగిన చోట మాలతిలో ఏదో తెగింది. చరణాల దగ్గర, పల్లవుల దగ్గర రానిది, సమాధి దగ్గర రానిది, ఒక్కసారి గొంతు దాకా ఎగబాకి బయటపడింది. ఊరంతా వినేలా ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె కాలు కదిలింది. లక్ష్మీదేవమ్మ కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకొని, నొప్పుల మోకాళ్ళతోనే పక్కన అడుగు వేసింది. ఈసారి ఎవరు చూస్తున్నారో అని ఆమె చుట్టూ చూడలేదు. హారిక చూసింది. తల్లి ఏడుపు, తల్లి కాలు రెండూ ఒకే దెబ్బకు కదులుతున్నాయి. తన ఫోన్‌లో అలాంటి పాట ఒక్కటీ లేదని ఆ పిల్లకు అర్థమైంది. కళ్ళు తుడుచుకొని వచ్చి తల్లి రెండో చెయ్యి పట్టుకుంది.

తిరుగు దారిలో వాన ఆగింది. జయరాజు అలవాటుగా పాటల మీట వైపు చెయ్యి చాచాడు.

"ఏం పెట్టాలె మాలతీ?"

మాలతి తల సీటుకు ఆనించి ఉంది. చేతులు ఒడిలో కదలకుండా ఉన్నాయి.

"ఏం వద్దండి. నాకింకా ఇనవడుతుంది."

జయరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి ఆయన వేళ్ళు స్టీరింగు మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టాయి. రెండు దెబ్బలు, ఒక ఆగడం, మూడు.

"గట్ల గాదురా" అంది వెనకనుంచి లక్ష్మీదేవమ్మ. "జర ఎక్కువసేపు ఆపాలె."