పావురం చారు

వసారాలో నులకమంచం మీద దానమ్మ పడి ఉంది. తెల్లారి లేవబోతూ కూలిపోయింది. మూతి ఎడమపక్కకి లాగేసింది. కుడి చెయ్యి, కుడి కాలు తనవి కానట్టు వేలాడుతున్నాయి. ఊరంతటినీ గడగడలాడించిన ఆ నోట్లోంచి ఒక్క మాట రావడం లేదు...

కోడలు సువర్ణ పక్కనే నిలబడింది. ఆమె కంట తడి లేదు. దివిసీమ ఉప్పెన వచ్చిన యేడు ఇదే మంచం మీద, ఇలాగే తన భర్త ఏసుదాసు పడి ఉన్నాడు!

పక్షవాతానికి పావురం చారే మందని ఆనాడు దానమ్మే కాచి, గుటక పడని కొడుకు నోట్లో గరిటెతో పోసింది. వద్దని సువర్ణ చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టింది. పొలమారి, ఎగశ్వాసతో కొట్టుకుంటున్న మనిషిని పంటు మీద ఏరు దాటించి అమలాపురం చేర్చేసరికే అంతా అయిపోయింది. మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు పంటకాలవల్లాంటివని డాక్టరుగారు చెప్పారు. ఒకదానిలో రక్తం గడ్డకట్టి అడ్డుపడితే, నీరందని చేనులా మెదడులో ఆ భాగం ఎండిపోతుందట. ఎడమవైపు ఎండితే కుడి చెయ్యి, కాలు, మాట పోతాయి. ఒక్కోసారి మింగడం కూడా పోతుంది. అలాంటి గొంతులో పోసిన చారు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగిందట. పోసిందెవరమ్మా, అని ఆయన అడిగారు.

"నా కోడలండీ," అంది దానమ్మ.

అంతే... సమాధి చెయ్యకముందే ఆ మాట ఊరంతా పాకింది. మొగుణ్ణి చంపుకున్నదని చర్చిలో చాప మీద ఆమె పక్కన కూర్చోవడమే మానేశారు ఆడవాళ్ళు. దుఃఖంలో సువర్ణ ఆ రోజు నోరెత్తలేకపోయింది. తర్వాత ఎంత ఏడ్చి చెప్పినా నమ్మినవాళ్ళు లేరు.

ఇవాళ ఆడపడుచు అమ్మాజీ అదే చారు కాచి తెచ్చి గిన్నె సువర్ణ చేతిలో పెట్టింది. ఆనాటి తప్పు చారుది కాదని, తల ఎత్తకుండా పోసిన చేతిదేనని ఊరందరి నమ్మకం. ఈసారి తల తను ఎత్తి పట్టుకుంటానని, వేడిగా పోసెయ్యమని తొందరపెట్టింది. చుట్టూ చర్చి ఆడవాళ్ళు. పోస్తే తప్పుపట్టేవాళ్ళు లేరు. ఒక్క గరిటె చాలు...

సువర్ణ గరిటె ముంచి అత్తగారి పెదవుల దాకా తెచ్చింది.

దానమ్మ కళ్ళు భయంతో పెద్దవయ్యాయి. వంకరపోయిన మూతిని శక్తికొద్దీ బిగించింది. ఎడమచేత్తో గరిటెను తోసేసింది.

"ఎందుకండీ వద్దంటున్నారు అత్తయ్యగారూ? ఇదేం చేస్తుందో మీకూ తెలుసు కదండీ," అంది సువర్ణ నెమ్మదిగా. "మీ అబ్బాయికి ఎవరు పోసేరండీ? ఒక చెయ్యి బాగానే ఉందిగా, చూపించండి."

ఆ చెయ్యి గాలిలో చాలాసేపు ఆగింది. చివరికి తన గుండె మీదే వాలింది.

అమ్మాజీ వచ్చి సువర్ణ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అమ్మని క్షమించెయ్యి వదినా..."

సువర్ణ గిన్నెడు చారూ పెరట్లో పారబోసి వచ్చింది. పంటు రేవుకి కారు మాట్లాడమని అమ్మాజీని లేపి పంపింది. తర్వాత అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"చెయ్యి చూపిస్తే చాలదండీ. మాట రావాలి. చర్చిలో అందరి ముందూ మీ నోటితోనే చెప్పాలి. అందాకా మిమ్మల్ని చావనివ్వను."

ఉమ్ము గొంతుకి అడ్డం పడకుండా ఆమెను జాగ్రత్తగా పక్కకి ఒత్తిగిలించి, తన పైటచెంగుతో మూతి తుడిచింది.