కిర్రు చెప్పుల కావలి

నాగరాణి ఇల్లు దేవరకొండ దాటాక కూతవేటు దూరంలో, రోడ్డు పక్కన ఒక్కటే ఉంటుంది. రెండు గదులు, వంటిల్లు, వాటిని ఆనుకుని ట్రాలీ ఆటో పట్టేంత షట్టర్ గది. మొగుడు పోయి ఆరేళ్ళు. ఆ ఆటోలో కూరగాయలు అంగడికి తోలుకుంటూ పదేళ్ళ కూతురు అక్షితను పెంచుతోంది. ఆటో నాలుగు రోజులు మూలపడితే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

అలాంటిది, ఆ వానాకాలం ఆటోల మీద దొంగల కళ్ళు పడ్డాయి. ఒకచోట బ్యాటరీ, ఒకచోట చక్రాలు, ఒకచోట ఆటోకు ఆటోనే మాయం. నాగరాణి షట్టర్‌కు రెండు తాళాలు వేసింది. వాకిట్లో పెద్ద బల్బు పెట్టించింది. భయపెట్టడానికి ఒక ఉత్తుత్తి కెమెరా తగిలిస్తే, దాన్ని మూడో రోజే కోతులు పీక్కుపోయాయి. దొంగలకంటే ముందు దొంగలు.

"తాళం జూసి దొంగోడు భయపడ్తడా బిడ్డా, మొగోడుంటే భయపడ్తడు గని," అంది పాలు పోసే గుర్వమ్మ. "గడప కాడ మొగోని చెప్పులు పెట్టు. చెప్పులు బయటున్నయంటే మనిషి లోపలున్నట్టే గద."

"మొగోడు లేకుంటే ఇల్లు ఇల్లు గాదా అత్తా?" అంది నాగరాణి, ఒళ్ళు మండి. అయినా మాటలో పస ఉంది. మరి చెప్పులెక్కడివి? మొగుడివి అతను పోయిననాడే వాగు ఒడ్డున పడేశారు. చనిపోయినవాళ్ళ బట్టలు, చెప్పులు, తిన్న కంచం అక్కడ వదిలేసి వెనక్కి చూడకుండా రావడం ఆ ఊళ్ళ ఆచారం. పోనీ కొత్తవి కొని పెడదామంటే, దొంగ ముందు వాటినే తొడుక్కుపోతాడు.

మర్నాడు అంగడి నుంచి వస్తూ ఆమె వాగు దగ్గర ఆటో ఆపింది. ఎవరివో, కొత్తగా పడేసిన సామాన్లు ఉన్నాయి. ఒక చిరుగుల గొంగడి, ఒక సొట్ట సత్తు కంచం, ఒక జత కిర్రు చెప్పులు. గొర్రెల కాపరులు తొడుక్కునే తోలు చెప్పులు అవి. నడిచేవాడు కనపడకముందే కిర్రుమని చప్పుడు వినపడుతుంది. కావలికి ఇంతకంటే ఏం కావాలి? ఊరంతా ముట్టడానికి జంకే ఆ చెప్పుల్ని ఆమె చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చి గడప పక్కన పెట్టింది. బతికున్న దొంగల కంటే చచ్చినోళ్ళే నయం అని ఆమె ధైర్యం.

ఆ రోజు నుంచి పడుకునే ముందు తలుపు వెనక నిలబడి, రోడ్డు దాకా వినపడేలా కేకేసేది. "షట్టర్ ఏసినవా? ఏస్తే జల్ది రా, బువ్వ పెడ్త." అక్షిత దుప్పట్లో మొహం దాచుకుని నవ్వేది. ఇరవై రోజులు దొంగ అనేవాడు అటు తొంగి చూడలేదు.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం నుంచి ఒకటే వాన. కరెంటు పోయింది. తిన్న రెండు కంచాలు కడిగి బోర్లించి, చార్జింగ్ లైటు ఆర్పి నాగరాణి పడుకుంది. ఇంత వానలో ఎవడొస్తాడులే అని ఆ పూట కేక కూడా వేయలేదు.

నడిరాత్రి మెలకువ వచ్చింది. వాన సన్నబడింది. ముక్కుకు తడిసిన ఉన్ని వాసన... ఇంట్లో గొర్రెల్లేవు, గొంగడీ లేదు. అంతలో షట్టర్ వైపు నుంచి గుసగుస.

"ఒక తాళం ఊడింది. రెండోది చూడు."

గడ్డపార ఇనుముకు తగిలింది. ఆ ఆటో పోతే తల్లీబిడ్డల బతుకు రోడ్డున పడ్డట్టే. నాగరాణి తలగడ కింద పెట్టుకున్న పానా చేతిలోకి తీసుకుంది. అలవాటైన కేకే బయటికి వచ్చింది.

"షట్టర్ ఏసినవా?"

గడ్డపార ఆగింది. బయట ఒకడు సన్నగా నవ్వాడు. "ఎవ్వడు లేడురా... ఉత్తగ ఒర్రుతాంది."

అప్పుడు వాకిట్లో ఎవరో దగ్గారు. ముసలి దగ్గు.

"ఏసిన."

కిర్రు... కిర్రు... కిర్రు... గడప దగ్గర మొదలై షట్టర్ వైపు పోయింది. గడ్డపార కింద పడింది. ఒకడు "అమ్మా" అన్నాడు. అంతే. బురదలో పరుగెత్తే కాళ్ళు... వాళ్ళ బండి స్టార్ట్ కాలేదు... కాళ్ళు దూరమయ్యాయి.

కిర్రు చప్పుడు మాత్రం దూరం కాలేదు. ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి తలుపు ముందు ఆగింది. గడియ సన్నగా కదిలింది.

"తలుపు తియ్యి. బువ్వ పెడ్తనంటివి."

అక్షిత లేచి వచ్చి తల్లి నడుమును కరుచుకుంది. "ఎవలమ్మా?"

"సప్పుడు జెయ్యకు."

నాగరాణికి భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ భయం వెంటే కోపం వచ్చింది. ఆరేళ్ళుగా ఒంటిచేత్తో కాపాడుకున్న ఇల్లు ఇది. దొంగకు దక్కనివ్వనిది దీనికెందుకు ఇస్తుంది? తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"కావలికి పెట్టుకున్న, ఇంట్ల పెట్టుకోలే," అంది. "పిలిచింది నేనే. పొమ్మంటున్నది గూడ నేనే. వాగు కాడికి పో."

చూరు నీళ్ళు... టప్... టప్... చాలాసేపు అదొక్కటే.

కిటికీ రెక్క వేలెడంత తెరిచి ఫోన్ లైటు వేసింది. వాకిలి ఖాళీ. దొంగల బండి బురదలో పడి ఉంది. షట్టర్‌కు రెండో తాళం చెక్కుచెదరలేదు. ఆటో దక్కింది. గడప పక్కన కిర్రు చెప్పులు, పట్టీల దాకా బురదతో, ఎవరో ఇప్పుడే విడిచినట్టు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"పోయిండు బిడ్డా," అని ఊపిరి పీల్చుకుంది.

ఆ వెంటనే గుర్వమ్మ మాట గుర్తొచ్చింది. చెప్పులు బయటున్నయంటే...

వెనక, వంటింట్లో, ఏదో గిన్నె చప్పుడైంది.

నాగరాణి అక్షితను వీపు వెనక్కి నెట్టింది. ఒక చేత్తో పానా, ఒక చేత్తో ఫోన్ లైటు పైకెత్తి వంటింట్లోకి నడిచింది. "ఎవడివైనా సరే, నా ఇంట్లకెళ్లి బయటికి నడువు," అంది.

వంటింట్లో ఎవరూ లేరు. తాను బోర్లించిన రెండు కంచాలూ బోర్లించినట్టే ఉన్నాయి. అన్నం గిన్నె మూత తీసి ఉంది. నేల మీద ఒక సొట్ట సత్తు కంచం, అంచుకు వాగు ఇసుక. తిన్నవాళ్ళు అందులోనే చెయ్యి కడుక్కున్నారు, నాలుగు మెతుకులు తేలుతున్నాయి. ఆ నీళ్ళు ఇంకా కదులుతున్నాయి...