మొగలో మిగిలిన మడచెట్టు

"మొగ్గ కాదు డాక్టరమ్మా! మొగ! ఏరెళ్లి సముద్రంలో కలిసే సోటు!"

పడవ నడిపే పెంటయ్య అలా కేకేసేసరికి మేరీ రత్నం మొహం చిన్నబోయింది. పంట తెగుళ్ల మీద పరిశోధన చేసే ఆ పెద్ద చదువుల మనిషి, సత్తిరాజు అనే వరి రైతు రాసుకున్న నోటుపుస్తకంలో "మడ మొగ ఆకు" అని చూసి, పాపం అతనికి ఒత్తు పెట్టడం రాలేదనుకుంది. రెండేళ్లు మడచెట్ల మొగ్గలు నూరుతూ కూర్చుంది. ఒక్క క్రిమీ చావలేదు. సత్తిరాజు మిగిల్చిన సీసాలోని ఆకురసం మాత్రం, చుక్క వేసిన చోటల్లా ఎండాకు తెగులు క్రిమిని తుడిచిపెట్టింది. ఆ సీసా కాస్తా అయిపోయింది. సత్తిరాజు తుఫానులో పోయి మూడేళ్లు.

ఇప్పుడు అతని భార్య వీరవేణి చేలో అదే తెగులు పడింది. అతను పన్నెండేళ్లు ఏరి ఏరి నిలబెట్టిన వరి వంగడం అది. ఇంకెవరి దగ్గరా గింజ లేదు. ఈ పంట పోతే విత్తనమే ఉండదు.

ముగ్గురూ తెల్లారగానే బయలుదేరారు. పోనుపోను కాలవ సన్నబడి, మడవేళ్లు పడవను అడుగు కదలనివ్వలేదు. దిగి మోకాటిలోతు బురదలో నడిచారు. మేరీ జారి పడబోతూ ఒక కొమ్మకి చెయ్యి చాపింది.

"ముట్టుకోకమ్మా! తిల్లచెట్టది! పాలు కంట్లో పడితే సూపు పోద్ది!"

మొగ దగ్గర ఒడ్డంతా సముద్రం కోసేసింది. ఒక్కటే మడచెట్టు మిగిలింది, సగం వేళ్లు గాలిలో ఉన్నాయి. కొమ్మల మీద పాత కత్తిగాట్లు. రెండు రెమ్మలు వదిలి ఒకటి కోసిన ఆ తీరు చూడగానే వీరవేణికి తెలిసిపోయింది. పెరట్లో కరివేపాకు కూడా ఆయన అలాగే కోసేవాడు. గాటు మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. ఆయన పోయాక ఆయనకింత దగ్గరగా రావడం ఇదే. అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

"పోటొచ్చేత్తంది సెల్లెమ్మా! మొత్తం దూసెయ్!"

మొత్తం దూస్తే చేనంతటికీ మందవుతుంది. చెట్టు మాత్రం బతకదు.

"అయిదు వరసలకి సరిపడా చాలన్నయ్యా," అంది వీరవేణి, రెండు వదిలి ఒకటి కోస్తూ.

"మరి మిగతా చేనో?" అరిచింది మేరీ.

"పోతే పోనీండి. విత్తనానికి అయిదు వరసలు చాలు. ఈ చెట్టు పోతే మళ్లీ ఎక్కణ్ణించి తేనండీ?"

పడవ దగ్గరికి తిరిగొచ్చేసరికి నీళ్లు గుండెల దాకా వచ్చాయి. ఆకుమూట నెత్తిన పెట్టుకున్న వీరవేణికి, ముందే పడవెక్కిన పెంటయ్య గెడ అందించాడు. "వదలకు! వదలకు!" అంటూ ఇద్దరినీ పడవలోకి లాగాడు.

చేను ఎండిపోయింది. ఆకురసం చల్లిన అయిదు వరసలు మాత్రం పచ్చగా నిలిచి గింజ కట్టాయి. కోతనాడు వీరవేణి ఆ ధాన్యమంతా విత్తనానికే మూటగట్టింది. ఆ అన్నమంటే సత్తిరాజుకి ప్రాణం. ముడి వేసే ముందు గుప్పెడు తీసి వాసన చూసుకుంది.

"నాకూ తినాలనే ఉంది. వచ్చే ఏడు తిందాంలెండి," అంది, పక్కన మనిషి ఉన్నట్టే.