చివరి పేజీలో తేదీ

"చదవని పుస్తకాలు నేను తీసుకోనండి," అందా అమ్మాయి, నా సంచుల వైపు కనీసం చూడకుండా.

తిరువూరు లైబ్రరీలో, జూన్ నెల తొలి వానలో జరిగిన సంగతి ఇది. రెండు సంచుల పుస్తకాలు మోసుకుని, తలంతా తడిసి, దానకర్ణుడి ఫోజులో లోపలికి వెళ్ళాను. ఇలాంటి మర్యాద దొరుకుతుందని అనుకోలేదు.

"డొనేషనండి. ఊరికే ఇస్తున్నా," అన్నాను.

"ఊరికే ఇస్తే మాత్రం? ఇవి మీరు చదివారా?"

"చదివేవాణ్ణయితే ఇంట్లోనే ఉంచుకుందును కదండీ!"

"చదవకుండానే అక్కర్లేదని ఎలా తేల్చారు? మీరేం చేస్తుంటారు?"

"హైస్కూల్లో లెక్కలు చెబుతాను."

"మీ పిల్లలు లెక్క చేయకుండా తెల్ల పేపరు చేతికిస్తే మార్కులు వేస్తారా, మాస్టారూ?"

ఆ అమ్మాయి పేరు రుచిత. రెడ్డిగూడెంలో మామిడితోటల అంతోనయ్యగారి అమ్మాయి. లైబ్రేరియన్‌గా తిరువూరు వచ్చి ఏడాదయింది. ఎవరూ ముట్టని పుస్తకాలతో తన బీరువాలు ఇప్పటికే నిండిపోయాయట. అందుకని ఒక షరతు పెట్టింది. ఒక్కో పుస్తకం చదవాలి, అది ఊళ్ళో ఎవరికి నచ్చుతుందో ఒక ముక్క చెప్పాలి, అప్పుడే తీసుకుంటుంది.

పొగరుబోతు పిల్ల అనుకుంటూ సంచులతో ఇంటికొచ్చాను. వాన కంటే ఎక్కువగా ఆ కళ్ళే వెంటబడ్డాయి, అది వేరే సంగతి.

నా పేరు ప్రేమ్ కిరణ్. ఇరవై తొమ్మిదేళ్ళు. ఉండేది మా నాయనమ్మ హన్నమ్మతో. ఏటా జనవరిలో విజయవాడ వెళ్ళి, పుస్తకాల పండగలో సంచి నింపుకుని వస్తాను. చదవను. అలా పోగుపడ్డవి నలభై మూడు. "పిల్లని వెతుక్కోరా అంటే పుస్తకాలు తెస్తాడు, వెధవ," అని నాయనమ్మ సణుగుతుంది. ఆవిడకి బైబిలు తప్ప వేరే పుస్తకం లేదు. నా కథల పుస్తకాలవైపు కన్నెత్తి కూడా చూడదు.

సరే, పౌరుషం కొద్దీ మొదటిది తీశాను. జూన్ ఇరవై ఒకటి, శనివారం మధ్యాహ్నానికి పూర్తయింది. వెనకాల ఖాళీ పేజీలో పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: 21-6.

కొట్టువాడు వేసుకున్న నంబరేమో అనుకున్నాను. అప్పటికి నాకు నవ్వే వచ్చింది.

రెండోది ఇరవై నాలుగుకల్లా ముగించాలనుకున్నాను. ఆ రోజు కరెంటు పోయింది. ఇరవై ఐదున వేరే మాస్టారు రాక ఆయన క్లాసులూ నా నెత్తిన పడ్డాయి. ఇరవై ఆరున పూర్తయింది. ఖాళీ పేజీ తిప్పాను. 26-6.

బీరువాలో పుస్తకాలన్నీ నేలమీద పరిచి, ఒక్కోదాని చివరి పేజీ చూశాను. మొత్తం పన్నెండు పుస్తకాలకు తేదీలున్నాయి. ఆఖరి తేదీ 10-8. మిగతా ముప్పై ఒక్క పుస్తకాల్లో ఏమీ లేదు. కొన్నాక ఒక్కసారి కూడా తెరవని పుస్తకాలవి. వాటిలో ఎవరు రాస్తారు? రాసినా, నేను ఏ రోజు పూర్తి చేస్తానో వాళ్ళకెలా తెలుసు?

లెక్కల మాస్టార్ని. దీని సంగతి తేల్చాలనుకున్నాను. మూడోదాని తేదీ 30-6. ఇరవై ఎనిమిదినే ముగించేద్దామని కూర్చున్నాను. చివరి పదహారు పేజీల అంచులు కోయకుండానే బైండు చేశారు. ఆకులు అతుక్కుని ఉన్నాయి. బ్లేడు పెడితే జారి నా బొటనవేలు తెగింది. పుస్తకంలో నా నెత్తురు చుక్క పడేసరికి మూసేశాను. ముప్పయ్యో తారీకున మాత్రం చచ్చినా చదవనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ రోజు విజయవాడలో ట్రైనింగు. బ్యాగులో కావాలనే వేరే పుస్తకం పెట్టుకున్నాను. మైలవరం దాటగానే వాగు పొంగి బస్సు ఆగిపోయింది. రెండు గంటలు. సెల్లులో సిగ్నలు లేదు. పుస్తకం కోసం చెయ్యి పెడితే బ్యాగులోంచి వచ్చింది ఆ మూడోదే. అతుక్కున్న ఆకులు ఎవరో నీటుగా కోసి పెట్టారు.

చదివాను. ఏం చేయను మరి? చివరి వాక్యం అయ్యీ అవగానే డ్రైవరు బస్సు స్టార్టు చేశాడు.

ఈలోగా లైబ్రరీలో నా పరపతి పెరిగింది. మొదటి పుస్తకం రిటైరైన పోస్టుమాస్టారుకి నచ్చుతుందన్నాను. రెండోది కుట్టుమిషను నేర్చుకునే అమ్మాయిలకి. మూడోది తీసుకెళ్ళిన రోజు రుచిత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ఇది ఎవరికి?"

"మీకు."

"నాకా? ఎందుకు?"

"ఇందులో అమ్మాయి కూడా మొదటి పేజీ నుంచీ తిడుతూనే ఉంటుంది."

నవ్వింది. తల పక్కకు తిప్పుకుని, నాకు కనపడకూడదని నవ్వింది. ఆ నవ్వు చూశాక దాచుకోలేక తేదీల సంగతి మొత్తం చెప్పేశాను. ఫోనులో రాసుకున్న లిస్టు చూపించాను.

"బాగా కట్టారు కథ," అంది ముందు. లిస్టు కిందిదాకా వెళ్ళాక ఆమె వేలు ఆగింది. "మిగతా ముప్పై ఒకటీ ఖాళీయేనా?"

"ఖాళీయే."

"అంటే ఆగస్టు పది తర్వాత మీరింక చదవరన్నమాట."

"చదవనో, చదవలేనో."

అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. బీరువాల మధ్య చీకటి పడింది. బయట వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అవతలి వరసలో ఎవరో పేజీ తిప్పిన శబ్దమైంది. ఇద్దరం తలెత్తి చూశాం. లైబ్రరీలో మేం తప్ప ఎవరూ లేరు.

"అలాంటి మాటలు అనకండి కిరణ్ గారూ," అంది నెమ్మదిగా. నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

మర్నాడే డాక్టరు దగ్గరికి తరిమింది. బీపీ, షుగరు, ఈసీజీ అన్నీ నార్మలే. దాంతో నాకు ఇంకా భయం పట్టుకుంది. జబ్బయితే మందు ఉంటుంది కదా!

జూలై అంతా అలాగే నడిచింది. తొందరపడినా, తాత్సారం చేసినా, ప్రతి పుస్తకం దాని తేదీకే పూర్తయింది. నాలుగోది అయిపోయేసరికి రుచితని చూడని రోజు రోజులా అనిపించేది కాదు. ఏడోది అయ్యేసరికి ఇది ప్రేమేనని తెలిసిపోయింది. తెలిసీ నోరు విప్పలేదు. నెలలో పోయేవాడు ఒక ఆడపిల్లకి ఆశ పెట్టడమేంటి?

పదకొండోది ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆమె రిజిస్టరులోంచి తలెత్తలేదు.

"ఆదివారం మా ఇంటికి పెళ్ళిచూపులకి వస్తున్నారు. విస్సన్నపేట వాళ్ళు."

"ఈ ఆదివారమా?"

"పదో తారీకు." పెన్ను ఆపి నా కళ్ళలోకి చూసింది. "మీరేమంటారు?"

"నేననేదేముంది?"

"ఏమీ లేదా? నిజంగా ఏమీ లేదా, కిరణ్ గారూ?"

"పదకొండున చెబుతానండి. పదో తారీకు దాటనివ్వండి."

"పదకొండున నాకెందుకండీ మీ మాట? తేదీ అడ్డం పెట్టుకుని తప్పించుకుంటున్నారు. పిరికివాళ్ళు!" రిజిస్టరు టపీమని మూసింది. ఆ రోజు ఆ పుస్తకం ఎవరికని కూడా అడగలేదు.

ఆగస్టు పది. పన్నెండో పుస్తకంలో రెండే పేజీలు మిగిలాయి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వరండాలో కూర్చున్నాను. చదవకపోతే తేదీ తప్పుతుంది, తేదీ తప్పితే బతుకుతాను. ఇదీ నా లెక్క. నాయనమ్మ ఆరాధన అయ్యాక స్త్రీల కూటానికి చర్చిలోనే ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. అయినా లోపల బీరువా తలుపు కిర్రుమంటూనే ఉంది. వెళ్ళి చూస్తే వేసిన తాళం వేసినట్టే ఉంది. మూడుసార్లు వెళ్ళి చూశాను.

మూడున్నరకి గేటు చప్పుడైంది. వానలో గొడుగుతో రుచిత.

"పెళ్ళిచూపులు?" అన్నాను తెల్లబోయి.

"రావద్దని చెప్పించాను. నాన్నకి అంతా చెప్పేశా."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతానే. ఒక్క తేదీల సంగతి తప్ప. పిచ్చోడనుకుంటాడని." గొడుగు మూలన పెట్టింది. "పుస్తకం ఏది?"

"వద్దు రుచితా."

"గారు ఎగిరిపోయిందే! తాళంచెవి ఇవ్వండి. మీరు చదవొద్దు, నేను చదువుతా, మీరు వినండి. ఏదైనా అయితే ఇద్దరికీ అవుతుంది."

ఆ మాటకి నా కళ్ళు తడిశాయి. తాళంచెవి ఇచ్చేశాను. బీరువా తెరిచి, నా పక్కన బల్లమీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఆమె గొంతు మొదట గట్టిగానే ఉంది. రెండో పేజీకి వచ్చేసరికి వణికింది. బీరువా తలుపు దానంతటదే మెల్లగా దగ్గరకు పడింది. ఇద్దరం చూశాం. ఆమె ఆగలేదు.

"పడవవాడు లాంతరు ఆర్పేసి ఇంటికి పోయాడు," అని చదివి పుస్తకం మూసింది. కథ అయిపోయింది.

ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. చూరు నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఉన్నారా?" అంది.

"ఉన్నాను."

"అయితే చెప్పండి."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. జూన్ నుంచీ ఇష్టం. నన్ను చేసుకుంటావా?"

"ఇది చెప్పడానికి ఇన్నాళ్ళా, లెక్కల మాస్టారూ? చేసుకుంటాను," అంది. ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే.

అంతలో నాయనమ్మ బైబిలు సంచీతో గేటు తోసుకుని వచ్చింది. "ఎవర్రా ఈ పిల్ల? కొట్టుకున్నారా ఏంటి, ఇద్దరూ ఏడుస్తున్నారు?"

ఇక దాచడం ఎందుకని తేదీల భయమంతా చెప్పాను. నాయనమ్మ విని నుదురు కొట్టుకుంది.

"ఓరి నీ తెలివి తెల్లారా! ఆ తేదీలు వేసింది నేనే." బైబిలు తెరిచి మా ముందు పెట్టింది. దేవుడి వాగ్దానం ఉన్న ప్రతిచోటా పక్కన చిన్న చిన్న తేదీలు. "మాట పక్కన తారీకు వేసి, పట్టుబట్టి ప్రార్థన చేస్తాం కదరా. డిసెంబరు ఉపవాసంలో నీ పుస్తకాలకీ అట్లాగే వేశా. ఈ తారీకుకల్లా వీడి చేత ఇది చదివించు ప్రభువా, అని."

"కథల పుస్తకాలు ముట్టుకోవుగా నువ్వు?"

"చదవనన్నా. ముట్టుకోనన్నానా? బస్సు రోజున బ్యాగులో మార్చి పెట్టిందీ నేనే. అతుక్కున్న ఆకులు కూరగాయల చాకుతో కోశా."

"మరి ఆ తర్వాత పుస్తకాలకి ఎందుకు వెయ్యలేదు?"

"పెళ్ళయినోడికి చదివే తీరికెక్కడిదిరా? అక్కణ్ణుంచి నీ పెళ్ళి కోసం మొదలెట్టా." రుచితని ఎగాదిగా చూసింది. "మీదే చర్చమ్మా?"

"రెడ్డిగూడెం, ఆర్‌సీఎం అండి. కేథలిక్కులం."

"ఆర్‌సీఎమ్మా! పిల్లనివ్వమన్నానే గానీ, ఏ చర్చి పిల్లో దేవుడికి ముందుగా చెప్పలేదు నేను." ఆమె తలమీద చెయ్యి పెట్టింది. "పోన్లే. ఆయనకి తెలీదా ఏంటి? చల్లగా ఉండండి."

నేను హాయిగా నవ్వేశాను. నెలన్నర బరువు దిగిపోయింది. "పన్నెండు తేదీలతో చంపావు కదే నాయనమ్మా!"

"పన్నెండేంట్రా? పదకొండు."

"పన్నెండు. ఇదిగో, పది ఎనిమిది." పన్నెండోదాని ఖాళీ పేజీ తిప్పి చూపించాను.

నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇది నేను వెయ్యలేదు. పదకొండోదానికి వేశాక పెన్సిలు మొన విరిగింది, లేచిపోయా. ఈ ఎనిమిది నాది కాదు."

రుచిత పుస్తకం లాక్కుంది. ఇంతవరకూ ఆమె ఆ పేజీ చూడలేదు. చూడగానే హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసి, అరచేతిలో అదే తేదీ రాసి, పేజీ పక్కన పెట్టింది. ఎనిమిదిని ఆమె రెండు సున్నాలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు రాస్తుంది, మధ్యలో వెంట్రుకంత ఖాళీ వదిలి. పేజీలోని ఎనిమిదీ అంతే. అదే వాలు, అదే ఖాళీ.

"నా రాతే," అంది. "కానీ నేను రాయలేదు. ఇవాళ్టిదాకా మీ ఇంటి గడప తొక్కలేదు. ఈ పుస్తకం ముట్టుకోలేదు."

నేను దాన్ని కొని నాలుగేళ్ళు. జూన్‌లో మొదటిసారి చూసినప్పుడే ఆ తేదీ అందులో ఉంది. నాయనమ్మ శిలువ గుర్తు వేసుకోలేదు, అది మా చర్చిలో అలవాటు లేదు. రుచిత వేసుకుంది.

"భయమేస్తోందా?" అన్నాను.

"వేస్తోంది. మీకు?"

"నాకూ వేస్తోంది," అన్నాను. ఆ తేదీ రాసి ఉన్న అరచేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. వదల్లేదు.