అలేఖ్య ఫోటోల కోసం

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... ఆషాఢ బహుళ అమావాస్య!

లాల్‌దర్వాజా మీద కారుమేఘాలు సూర్యబింబాన్ని సాంతం మింగేశాయి. ఫెళఫెళమని ఉరుము! గల్లీ చివర కూలిన గోడ సందులోంచి పట్టపగలే గుడ్లగూబ మూడుసార్లు కూసింది... ఆ కూతకి శ్రీహరిరావు ఉలిక్కిపడ్డాడు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు, ఏలూరు నుంచి వచ్చి పదకొండేళ్ళుగా ఆ గల్లీలో అద్దెకుంటున్న పెద్దమనిషి. ఆ క్షణాన మాత్రం తన ఇంటి ముందుగదిలో ఒక పుర్రె ఎదుట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు!

పుర్రె కంప్యూటర్ మానిటర్ నెత్తిన ఉంది. కింద నల్లటి ముగ్గు. ముగ్గు పక్కన కరాళ వదనంతో, రుద్రాక్షల మధ్య ఎముకలు గుచ్చిన మాలతో భూతవైద్యుడు ఆగయ్య!

ఇదంతా ఫోటోల కోసం. రెండేళ్ళ కిందట, రెండో తరగతి చదువుతున్న కూతురు అలేఖ్య విషజ్వరంతో పోయింది. పాప ఫోటోలు నాలుగు వందల పైచిలుకు, డిజిటల్ కెమెరాతో తీసినవి, అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండేవి. ప్రింట్లు వేయిద్దామని భార్య కమలకుమారి అడిగిన ప్రతిసారీ, "కంప్యూటర్లో ఉన్నాయిగా, మళ్ళీ కాగితాలెందుకు?" అనేవాడు మన శ్రీహరిరావు. ఆవిడ రోజూ సాయంత్రం దీపం పెట్టి, ఆ తెర ముందు కూర్చుని బిడ్డను చూసుకునేది. మూడు వారాల కిందట ఒక సాయంత్రం తెర తెరిస్తే... ఏమీ లేదు! శూన్యం! ఆ రోజు నుంచి కమలకుమారి అన్నం సరిగా ముట్టలేదు.

ఎలా పోయాయో ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు.

అన్నిటికీ మూలం ఆఫీసులో ఒకడు పేపర్లో చుట్టి ఇచ్చిన ఒక సీడీ. భార్య గుడికి వెళ్ళిన పూట, తలుపు గడియ పెట్టి, యాభై ఏళ్ళ వయసులో, చూడకూడని బొమ్మలు చూశాడు శ్రీహరిరావు! సీడీతోపాటు వైరస్ దిగింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టినా ఆ బొమ్మలే తెరనిండా లేచి కూర్చున్నాయి. గుడి నుంచి ఆవిడ వచ్చే వేళైంది... చెమటలు కారిపోతుండగా, ఆఫీసు ట్రైనింగులో నేర్చిన విద్యంతా వాడి, కంప్యూటర్లో ఆ బొమ్మలున్న డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టేశాడు. ఫోటోలు వేరే డ్రైవ్‌లో ఉన్నాయనుకున్నాడు. లేవు.

పోనీ, దారి లేదా అంటే ఉంది. అమీర్‌పేటలో కంప్యూటర్ షాపు నడిపే బావమరిది ఫణి ఫోన్లోనే చెప్పాడు. "బావగారూ, దాన్ని ముట్టుకోకండి. ఫార్మాట్ చేసినా ఫైళ్ళు లోపలే ఉంటాయి, రికవరీ పెడితే లోపలున్నవన్నీ పైకొస్తాయి."

అన్నీ! అంటే ఆ సీడీ నుంచి కాపీ చేసుకున్నవి కూడా!  "వద్దులే ఫణీ, హార్డ్‌డిస్కు కాలిపోయిందట," అని ఫోన్ పెట్టేశాడు శ్రీహరిరావు. బావమరిది ముందు తలదించుకోవడం కన్నా క్షుద్రవిద్యే మేలనిపించింది ఆ మహానుభావుడికి! ఎవరో చేతబడి చేశారని భార్య ఏడిస్తే కాదనలేదు. ఆగయ్యను పిలుద్దామంటే సరేనన్నాడు.

మొన్న ఆదివారం పొద్దున ఆగయ్య పసుపు పూసిన నిమ్మకాయను ముగ్గులో వదిలాడు. "గీ కాయ ఎవ్వల దిక్కు పోతే వాళ్ళదే చెయ్యి!" అని గర్జించాడు. కాయ గిర్రున తిరిగి, తిరిగి... తిన్నగా శ్రీహరిరావు పాదాల దగ్గరికి దొర్లింది! కమలకుమారి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. ఆగయ్య శ్రీహరిరావు మొహంలోకి చూశాడు. చూసి, కాలి బొటనవేలితో ఆ కాయను మెల్లగా గడపవైపు తోశాడు. గడపలో, ఇదేమీ పట్టించుకోకుండా, పాలు పోస్తూ కూర్చుని ఉంది రుక్మాబాయి. గల్లీ వెనక రెండు బర్రెలు పెట్టుకుని, చిన్న మనవరాలితో బతికే విధవరాలు. ఆమె తరఫున అడగడానికి ఎవరూ లేరని ఆగయ్యకు తెలుసు. కళ్ళు తెరిచిన కమలకుమారికి కాయ రుక్మాబాయి ముందు కనిపించింది. శ్రీహరిరావు ఆ బొటనవేలికి మనసులోనే దణ్ణం పెట్టాడు! సిగ్గు సిగ్గు...

ఇవాళ అమావాస్య. "రుక్మాబాయ్, మా పాప గౌన్లున్నాయి, నీ మనవరాలికి ఇస్తాను రా," అని ఆగయ్య చెప్పిన ప్రకారం పిలిచింది కమలకుమారి. రుక్మాబాయి సంబరపడుతూ లోపలికొచ్చి ముగ్గు మీద కాలు పెట్టింది.

హ్రీం... హ్రూం... ఫట్! ఆగయ్య గుప్పెడు బూడిద చల్లాడు. రుక్మాబాయి ఉన్నచోటే కూలబడిపోయింది. కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి!

"ఏందిదమ్మా... కాళ్ళు లేస్తలేవు... నాకేందో అయితాంది!"

ఆగయ్య జోలెలోంచి తుప్పుపట్టిన పట్టకారు తీశాడు. "చేతబడి చేసినదాని పండ్లు పీకాలె! అప్పుడు దాని నోట్ల మంత్రం తిరగది... పోయిన పిల్ల రూపు ఎన్కకొస్తది!"

"అయ్యో, నేనేం జేసిన సారూ!" రుక్మాబాయి కేక కప్పును తాకింది. "పిల్లకు జరమొస్తే మూడు దినాలు తడిగుడ్డ ఏసింది నేనే గద! జెప్పుండ్రి సారూ! మీకెర్కే గద!"

ఎరుకే. శ్రీహరిరావు నేల మీది షాబాదు బండల మధ్య సందును చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరుద్దామనుకున్నాడు. భార్య మొహం, ఫణి మొహం, ఆఫీసులో గుమాస్తాల నవ్వులు కళ్ళముందు తిరిగాయి. నోరు మూసుకున్నాడు. ఆ మూసుకున్నంతసేపులో...

ఫట్‌మని చప్పుడు! హృదయవిదారకమైన ఆర్తనాదం! ఇత్తడి పళ్ళెంలో రుక్మాబాయి ముందుపన్ను టంగుమని పడింది. నెత్తుటి చుక్కలు కీబోర్డు మీద చిందాయి. పట్టకారు రెండో పన్ను వైపు లేచింది...

"ఆపు!" ఆ అరుపు తనదేనని శ్రీహరిరావుకి ఒక క్షణం తెలియలేదు. "ఆవిడ కాదు... నేను! కమలా, ఫోటోలు నేనే చెరిపాను! బూతు సీడీ చూశాను... నువ్వు వచ్చేస్తావని భయపడి అంతా చెరిపేశాను!"



"నోర్ముయ్ సారూ!" ఆగయ్య పళ్ళు కొరికాడు. "ప్రయోగం నడుమ నిజం జెప్తరా? నీ కోసమే గద నేను కాలితోని కాయను దాని దిక్కు దొబ్బింది!"

అంతే!

దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది! కరెంటు పోయింది. గుమ్మానికి బోనాలప్పుడు కట్టి ఎండిపోయిన వేపరెమ్మలు గలగలమని ఊగాయి... అందరూ చూస్తుండగానే పచ్చబడ్డాయి! కొయ్యబారిన రుక్మాబాయి లేచి నిలబడింది. జుట్టు విడిపోయింది, కళ్ళు చింతనిప్పులయ్యాయి, పెదవుల మీద రక్తం! కరెంటు లేని కంప్యూటర్ తెర కుంకుమ రంగులో భగ్గున వెలిగింది!

"ఎవడ్రా... నా బిడ్డ నోట్ల చెయ్యి పెట్టింది!"

అది రుక్మాబాయి గొంతు కాదు. ఏటేటా ఆమె నెత్తిన బోనమెత్తుకుని వెళ్ళి మొక్కే మహంకాళి గొంతు! ఆగయ్య గజగజలాడుతూ మంత్రం అందుకున్నాడు. "హ్రీం..." ఒక పన్ను రాలింది! "హ్రూం..." ఇంకొకటి! నోటికొచ్చిన ప్రతి బీజాక్షరంతోనూ అతని పళ్ళు తమంతట తామే ఊడి పళ్ళెంలో పడసాగాయి. పుర్రె నిలువునా చీలింది! ఆగయ్య రెండు చేతులతో నోరు మూసుకుని, వికృతంగా ఊళలు పెడుతూ వానలో పడి పరుగెత్తాడు. ఇప్పటికీ ఉస్మాన్‌గంజ్‌లో ఒక కొట్టు అరుగు మీద కూర్చుని ఉంటాడు, బోసినోట ఒక్క మంత్రమూ పలకదు.

అమ్మవారు శ్రీహరిరావు వైపు తిరిగింది. ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు.

"నువ్వు జెప్పినవ్... అందుకే నిన్ను ఇడుస్తున్న. దాని పన్ను ఊడినంక, ఆల్చెంగ జెప్పినవ్... గా పాపం నీ తాననే ఉంటది."

రుక్మాబాయి సొమ్మసిల్లి కమలకుమారి ఒళ్ళో వాలిపోయింది.

మర్నాడు ఫణిని కమలకుమారే పిలిపించింది. పొద్దున పెట్టిన రికవరీ సాయంత్రానికి ముగిసింది. ఫైళ్ళ పేర్లు పైనుంచి కిందకి చదువుతూ ఫణి ఒకచోట ఆగి గొంతు సవరించుకున్నాడు.

"అవి కూడా చదువు తమ్ముడూ," అంది కమలకుమారి.

ఫణి చదివాడు. ఒక్కొక్క పేరూ వినబడుతుంటే శ్రీహరిరావు తలవంచుకుని నిలబడ్డాడు. పక్కన, కబురంపితే వచ్చిన రుక్మాబాయి కూడా వింది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది శ్రీహరిరావుకి. మింగలేదు.

తర్వాత ఫోటోలు వచ్చాయి. బోనాల రోజు తీసిన ఫోటో ఒకటి తెర మీద నిలిచింది. రుక్మాబాయి చంకలో అలేఖ్య, ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు. రుక్మాబాయికి పళ్ళన్నీ ఉన్నాయి. పాపకి ముందుపన్ను ఊడి ఉంది. కమలకుమారి తెరను రెండు చేతులతో పట్టుకుని బావురుమంది.

రుక్మాబాయి చాలాసేపు చూసింది. నాలుకతో తన నోట్లో ఖాళీని తడుముకుంది. పాలక్యాను ఎత్తుకుని గడప దాటబోతూ శ్రీహరిరావు దగ్గర ఆగింది.

"పిల్లదైతే మల్ల మొలిచేది సారూ," అంది.